చిన్నమ్మ చదివిన సీన్ పేపర్

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మేకప్ వేసుకుని నేనే రెండు సీరియళ్ళలో దయ్యంగా చేశాను, ఇంక నాకేం భయం? ఇది చదివి మీరు నమ్మకపోయినా నాకు కోపం లేదు. మీ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

మాది కోయంబత్తూరు. తాతల కాలం నుంచీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అందుకే తెలుగు గలగలా మాట్లాడతాను గానీ ఒక్క అక్షరం చదవడం వచ్చేది కాదు. మా వాళ్ళలో చాలామంది ఇంతే.

పన్నెండేళ్ళుగా తమిళ సీరియళ్ళలో అక్క వేషం, వదిన వేషం. ముప్పై ఆరు నిండగానే అమ్మ వేషాలకి పిలవడం మొదలుపెట్టారు, అదీ నాకన్నా నాలుగేళ్ళు చిన్నవాడికి అమ్మగా! ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. అలాంటప్పుడు ఒక తెలుగు సినిమాలో పెద్ద వేషం తగిలింది. యాక్సిడెంట్లో జ్ఞాపకం పోయిన ఆడమనిషి. నేనే నీ మొగుడినని ఒకడు ఇంటికి తీసుకెళ్ళి మోసం చేస్తుంటాడు. కథంతా ఆమె మీదే. షూటింగ్ కూడా మా ఊళ్ళోనే, ఒక పాత బంగళాలో.

డైరెక్టర్ ఒకటే అడిగాడు. "సీన్ పేపర్ పొద్దున్నే ఇస్తాను. పక్కనుంచి డైలాగ్ అందించే పని నావల్ల కాదు. చదువుకోగలరా?"

"అయ్యో, మా ఇంట్లో తెలుగే కదండీ" అన్నాను. అబద్ధం అక్కడ మొదలైంది.

నన్ను గట్టెక్కించింది మదురైలో ఉండే మా చిన్నమ్మ, అమ్మ చెల్లెలు. ఆమె కూడా ఒకప్పుడు నటే. హీరోయిన్‌గా చేసిన ఒకే ఒక్క తెలుగు సినిమా సగంలో ఆగిపోయింది. దానికోసం పట్టుబట్టి నేర్చుకున్న అక్షరాలు మాత్రం మిగిలాయి. నేను పేపర్‌ని ఫోటో తీసి పంపితే, ఆమె చదివి వాయిస్ మెసేజ్ పెట్టేది. ఒక్కో డైలాగు చదివాక వేలితో బల్ల మీద ఒకసారి కొట్టేది, రాసుకో అన్నట్టు. నేను బాత్రూంలో కూర్చుని తమిళ అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేదాన్ని.

"ఏం కణ్ణూ, నీ మొగుడు ఈ పొద్దు ఏం అబద్ధం చెప్పినాడు?" అని ఎగతాళి చేసేది. చదవడం నేర్పమంటే, "ముందు ఈ పడం ముగియనీ" అని సినిమా అయ్యేదాకా ఆగమనేది.

మూడు వారాలు అలా నడిచింది. తర్వాత చిన్నమ్మకి స్ట్రోక్ వచ్చింది. మాట పడిపోయింది. కన్నకూతురు విజినే గుర్తుపట్టలేదు.

మదురై ఎంత దూరం? మా ఊళ్ళో బస్సెక్కితే పూట ప్రయాణం. నేను వెళ్ళలేదు. మూడు రోజుల్లో క్లైమాక్స్ ఉంది, వెళ్తే వేషం పోతుంది. ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్‌లో ఇంకో అమ్మాయి ఫోటోలు నా కళ్ళతో చూశాను. ఇప్పటికీ అది తలుచుకుంటే అద్దంలో నా మొహం చూసుకోబుద్ధి కాదు.

క్లైమాక్స్ రోజు పొద్దున తొమ్మిదికి పేపర్ చేతికొచ్చింది. నాలుగు పేజీలు. పదకొండుకి షాట్. బాత్రూంలో గడియ పెట్టుకుని ఆ అక్షరాల వంక చూస్తూ కూర్చున్నాను. బయటికెళ్ళి నిజం చెప్పేస్తే? ఇన్నేళ్ళకి దొరికింది ఇదొక్కటే. ఇంకోటి రాదు. చచ్చిపోతే బాగుండుననిపించింది.

ఏం చేస్తున్నానో తెలియకుండా, అలవాటు కొద్దీ ఫోటోలు తీసి చిన్నమ్మ నంబరుకి పంపాను.

కాసేపటికి ఫోన్ టింగుమంది. చెవికి పెట్టుకుంటే చిన్నమ్మ గొంతే. ఎప్పటిలా చిన్న దగ్గు, "రాసుకో కణ్ణూ", తర్వాత సీన్. ఒక్కో డైలాగుకీ వేలి చప్పుడు. తేరుకుందన్నమాట, విజి ఫోన్ చేతికిచ్చిందన్నమాట అనుకున్నాను. అంతకన్నా ఆలోచించే ఓపిక లేదు. గబగబా రాసుకున్నాను.

చివరి డైలాగు ఇది: "నువ్వు పిలిచిన పేరుకి నా ఒళ్ళు ఒక్క రోజూ పలకలేదు."

సింగిల్ టేక్‌లో చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ మాత్రం దగ్గరికొచ్చి, "ఆ చివరి మాట నేను రాయలేదే? బాగుంది, ఉంచేద్దాం" అన్నాడు.

వెంటనే విజికి ఫోన్ చేశాను. "అమ్మ మాట్లాడేదా? ఏందక్కా నువ్వు! మొన్నటి నుంచీ కన్నే తెరవలేదు. అమ్మ ఫోను ఇంట్లో బీరువాలో ఉండాది, నేనే ఆఫ్ చేసి పెట్టినా."

నా ఫోన్ చూసుకున్నాను. నేను పంపిన ఫోటోలు ఉన్నాయి. పక్కన ఒక్కటే టిక్కు, అవి అటువైపు చేరనే లేదు. వాయిస్ మెసేజ్ లేదు. నోట్‌బుక్ మాత్రం ఉంది, నా చేతిరాతలో, తమిళ అక్షరాల్లో సీనంతా.

ఆ తర్వాత పిల్లల వాచకం కొనుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. ఇది రాస్తున్నదీ నేనే, తప్పులుంటే మన్నించండి. నేను మొట్టమొదట చదివింది ఆ నాలుగు పేజీలే. నోట్‌బుక్‌తో పోల్చి చూశాను. మాట పొల్లు పోలేదు. చివరి డైలాగు ఒక్కటే పేపర్లో లేదు. చిన్నమ్మ చేస్తుండగా ఆగిపోయిన ఆ సినిమాలోదేమో. చిన్నప్పుడు ఎప్పుడైనా ఆమె నోట విన్నానేమో. నాకు గుర్తు లేదు. సరే, అదొక్కటీ గుర్తొచ్చిందే అనుకుందాం. మిగతా నాలుగు పేజీలు?

నోట్‌బుక్ పట్టుకుని మదురై వెళ్ళాను. చిన్నమ్మ అప్పటికి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసింది. గోడని చూసినట్టు నన్ను చూసింది. విజి ఆమెని పేరు పెట్టి పిలిచినా తల తిప్పలేదు. నేను మంచం పక్కన కూర్చుని సీన్ చదవడం మొదలుపెట్టాను.

మొదటి డైలాగు అవ్వగానే ఆమె వేలు మంచం పట్టె మీద ఒకసారి కొట్టింది. రెండోదానికీ కొట్టింది. అలా ప్రతిదానికీ. గుమ్మంలో నిలబడ్డ విజి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చివరి డైలాగు చదివాను. వేలు లేచింది, దిగలేదు. కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి, ఇంకా ఉంది కదా అన్నట్టు.

"అంతే చిన్నమ్మా, అయిపోయింది" అన్నాను. ఆమె వేలు దించలేదు. నేనే భోరుమని ఏడుస్తూ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను.

ఆ పొద్దున బాత్రూంలో నాకు ఎవరు చదివి వినిపించారో ఎంత ఆలోచించినా తేలలేదు. ఆమె ఎదురుచూసింది ఏ డైలాగు కోసమో కూడా తెలియదు. ఇప్పుడు నాకు చదవడం వచ్చు. ఆమెకి చదివి వినిపించడానికి ఆ డైలాగు ఉన్న పేపరే లేదు.