పట్టర్ తేల్చని హనోకు గారు

హనోకు గారికి పట్టర్ ఎంచుకోవడం రాదు. బందరులో డిస్క్ గోల్ఫ్ ఆడే వాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఎవరికీ పట్టని సంగతి ఇంకొకటుంది. ఆ గ్రౌండు చదును చేసిందీ, పాత గొలుసులు ఏరుకొచ్చి తొమ్మిది బుట్టలూ వెల్డింగు చేసిందీ ఆయనే. శిలాఫలకం మీద మాత్రం క్లబ్బు సెక్రటరీ ఈశ్వరప్రసాద్ గారి పేరుంది. డిస్కుల పెట్టె తెరిచిన రోజు ముందు మెంబర్ల పిల్లలు ఏరుకుంటారు, తర్వాత మెంబర్ల బావమరుదులు. అందరూ ఏరుకోగా మిగిలినవి కోచ్ హనోకు గారికి. నాలుగేళ్ళుగా ఇదే వరస. నాకు ముందు కావాలని ఆయన ఒక్కసారీ అడగలేదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను: ప్లాస్టిక్ పళ్ళెం లాంటి డిస్కు విసిరి గొలుసుల బుట్టలో వెయ్యడమే ఈ ఆట. బుట్ట దగ్గరికొచ్చాక వేసే డిస్కు పట్టర్. మా క్లబ్బులో పట్టర్ తీసుకున్న వాళ్ళ పేరే జిల్లా జట్టు లిస్టుకెక్కుతుంది. కోచ్ కూడా తీసుకున్నాకే పెట్టె మూస్తారు, లిస్టూ మూస్తారు. సెలెక్షన్ అంటే అదే. ఆ లిస్టు రాసేది నేను.

ఈ ఏడు ఎనిమిదిన్నరకల్లా అందరూ ఏరుకున్నారు. ఇక హనోకు గారి వంతు.

ఒకటి తీసి అంచు నొక్కారు. "మెత్తనండీ. ఎండకి వంకరపోద్ది."

ఇంకోటి. "ఇది మరీ గట్టిదండీ. గొలుసుకి కొట్టుకుని మన మీదకే వస్తది."

మూడోది అరచేతిలో ఊపి, బయటికెళ్ళి గాలి చూసొచ్చారు. "తేలికండీ. ఇక్కడ విసిరితే చిలకలపూడిలో దిగుద్ది."

నాలుగోదాన్ని వాసన చూశారు. ఎందుకో ఆయనకే తెలియాలి.

"ఏమయ్యా, పట్టరా పెళ్ళికూతురా?" అన్నారు ఈశ్వరప్రసాద్ గారు.

"పెళ్ళికూతుర్నయితే ఐదు నిమిషాల్లో ఒప్పుకున్నానండీ. అంత తొందరేమొచ్చిందని మా ఆవిడ సౌభాగ్యమ్మ ఇప్పటికీ అడుగుద్ది."

పది దాటింది. నాకూ ఒళ్ళు మండింది. "ఏదో ఒకటి తీసుకోండి మాస్టారూ, ఆకలేస్తోంది!" అని కసిరాను.

పదిన్నరకి సెక్రటరీ గారు లేచారు. "వచ్చే ఏడు వేరే కోచ్‌ని చూసుకుంటాం. ఇప్పుడైనా తేలుస్తావా?"

అయినా హనోకు గారు ఏడో పట్టర్ తీసి అంచు నొక్కారు.

అప్పుడొచ్చారు ముగ్గురు ఆడపిల్లలు, చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకుంటూ. హనోకు గారి దగ్గర ఆట నేర్చుకునే పిల్లలే, నాగాయలంక నుంచి. తెల్లవారుజాము నుంచి షెడ్డులో రొయ్యలు ఒలిచి, ఆ చేతులు కడుక్కుని బస్సెక్కిన పిల్లలు.

"అవనిగడ్డలో బస్సు దొరకలేదు మాస్టారూ! అయిపోయిందా?" అంది సాయిదుర్గ రొప్పుతూ.

"ఎక్కడయిందమ్మా? నేనింకా తేల్చుకోందే!" అని పెట్టె వాళ్ళ ముందుకి జరిపారు.

ముగ్గురూ పది నిమిషాల్లో ఏరుకున్నారు. ముగ్గురి పేర్లూ రాశాను. హనోకు గారు చేతికందిన పట్టర్ ఒకటి కనీసం చూడకుండా సంచీలో పడేసుకున్నారు.

అనుమానమొచ్చి పాత లిస్టులు తిరగేశాను. మూడేళ్ళవీ. చిట్టచివర కోచ్ పేరు. దానికి సరిగ్గా పైన, ప్రతిసారీ, నాగాయలంక పిల్లలు.

"ఈ నాటకం దేనికండీ? కమిటీకి చెప్పొచ్చు కదా?" అనడిగాను హనోకు గారిని.

"మొదటేడే చెప్పానండీ. బస్సు కోసం సెలెక్షన్ ఆపుతామా అన్నారు. నాకోసం ఆపుతున్నారు కదండీ, నన్ను తిట్టుకుంటానే!"

నవ్వారాయన. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వచ్చింది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. సెలెక్షన్ పదకొండింటికి మార్చమని, కోచ్‌ని మార్చొద్దని కమిటీకి రాయండి. రాయడం కుదరకపోతే ఆదివారం మీటింగుకి వచ్చి నా పక్కన నిలబడండి. వచ్చే దారిలో బస్టాండులో దిగి, నాగాయలంక బస్సు ఎన్నింటికొస్తుందో కనుక్కుని రండి. కమిటీలో ఒక్కరికీ తెలియదు.