చౌబేగారి ఆచార్యులు

పాలు పోసే మనిషిని ఆచార్యా అని పిలిస్తే ఆ పాపం పిలిచినవాడిదా, పలికినవాడిదా? కాశీలో తల నెరిసేదాకా ఉన్నాను, పుస్తకాలు చాలానే తిరగేశాను. నాకు ఇప్పటికీ తేలలేదు. ఈ చిక్కు నా నెత్తిన పెట్టినవాడు బటుక్‌నాథ్ చౌబే. ఎదుట ఏ ప్రాణి కనబడ్డా బిరుదు తగిలించకుండా పలకరించలేకపోవడం ఆయన జబ్బు. ఏ బిరుదు పెట్టినా చివర ‘ఆచార్య’ అనే తోక ఉండి తీరాలి.

ఆయన కొలువే బిరుదులు చదవడం. మా గల్లీ చివరి మఠంలో సభ జరిగితే, మఠాధిపతి మహంతుగారు వేదిక ఎక్కగానే ‘అనంతశ్రీ విభూషిత’ అని ఎత్తుకునేవాడు. అసలు పేరు వచ్చేసరికి ముందువరసలో సగంమంది ఒక కునుకు తీసి లేచేవాళ్లు. ఒకసారి మహంతుగారే నిలబడి నిలబడి కూలబడ్డారు. ఆ విద్య వేదిక మీదే ఉండిపోతే గొడవ లేకపోను. గల్లీలోకి దిగింది.

"పరమహంస ఝల్లూ ఆచార్యా! ఒక చెంబెడు పొయ్యండి," అనేవాడు పొద్దున్నే.

"ఎందుకు చౌబేజీ, నన్నిలా నవ్వులపాలు చేస్తారు?" అని ఝల్లూ పాలబిందె వెనక ముడుచుకుపోయేవాడు.

"నవ్వులాట కాదు. పాలనీ నీళ్లనీ విడదీసేది ఉత్త హంస. తిరిగి కలపగలిగినవాడు పరమహంస కాడూ?"

మంగలి జోఖూ ‘జగద్గురు ఆచార్య’. ఎంతటి మహారాజైనా ఆయన ముందు తల వంచాల్సిందే కదా అని చౌబే వాదన. రిక్షా తొక్కే మంగరూ ఎక్కడా కుదురుగా ఉండడు కనక ‘పరివ్రాజకాచార్య’. మలుపులో అడ్డంగా పడుకునే ఆబోతు ‘మహామహోపాధ్యాయ ఆచార్య’. దానికి ఎదురుపడి వెనక్కి తిరగని పండితుడు మా పేటలో లేడు.

జోఖూ ఒకరోజు కత్తి నూరుతూ, "గురూ, నాకూ ఆ ఎద్దుకూ మధ్య ఎవరు పెద్ద?" అని అడిగాడు.

"శాస్త్రచర్చ పెట్టుకోండి. గెలిచినవాళ్లకి ముందొక శ్రీ కలుపుతా," అన్నాడు చౌబే, మొహంలో నవ్వన్నది లేకుండా.

మేమంతా నవ్వేవాళ్లం. ఒక్క ఇంటి ముందుకు వచ్చేసరికి మాత్రం ఆ నవ్వు ఆగిపోయేది.

అది గదాధర్ ఓఝాగారి ఇల్లు. మఠం పాఠశాలలో జీవితమంతా వ్యాకరణం చెప్పిన మనిషి. ఘాట్ మెట్ల మీద కూర్చుని పడవవాళ్ల కోడలు సుఖియా అడిగితే, కాదనలేక అమరకోశం చెప్పాడు. మఠం పెద్దలకు తెలిసింది. కొలువు పోయింది. దానికి ఆయన చలించలేదు. ఆ పైన, ఇకమీదట ఓఝాను ఎవరూ ఆచార్య అనకూడదని, అన్నవాళ్లకి మఠం గడప మూసేస్తామని చాటించారు. ఆ చాటింపు చదివిన గొంతు కూడా చౌబేదే. కొలువు మరి.

గల్లీలో సగంమంది మఠం అన్నం తినేవాళ్లే. మర్నాటినుంచి ‘ఏం ఓఝా’ అనడం మొదలైంది. పోనీ గురూ అనొచ్చుగా అంటారేమో. కాశీలో ఆ మాటకి విలువేముంది? జేబుదొంగను పట్టుకున్నా ‘ఎక్కడికి గురూ’ అనే అడుగుతారు. ఓఝాగారు కిటికీ మూసుకున్నారు. గంగస్నానం మానేశారు. సుఖియా గడపలో పెట్టిపోయిన రొట్టెలు కోతులు తినేవి. ఒక్క మాట ఊడితే మనిషి ఇంతగా కూలిపోతాడని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మా మేడమీదనుంచి ఆ కిటికీకేసి చూస్తూ, ఈయన ఇంక బయటికి రాడు, రమ్మనే ధైర్యం మాలో ఎవరికీ లేదు అనుకునేవాణ్ణి.

చౌబేకి ఈ బిరుదుల జబ్బు పట్టింది సరిగ్గా ఆ తర్వాతే. పాలవాణ్ణి, మంగలిని, ఎద్దుని పలకరించి, అదే ఊపులో ఆ కిటికీ కింద నిలబడి, "గదాధర్ ఆచార్యా! గంగకి వస్తారా?" అని కేకేసేవాడు.

నాకు ఒళ్లు మండింది. "ఎద్దు తర్వాత ఆయన్ని పిలుస్తారా? ఎగతాళికైనా హద్దుండాలి చౌబేజీ!"

"మీరు చదువుకోండి బాబూ," అన్నాడు.

చివరికి మఠం మేనేజరు మిసిర్‌జీ వచ్చి గల్లీ మధ్యలో నిలదీశాడు. "ఏం చౌబే! ఓఝాను ఆచార్య అంటున్నావట?"

"అంటున్నాను హుజూర్. ఎద్దుని కూడా అంటున్నాను."

"ఎద్దు సంగతి ఎవడడిగాడు?"

"అదే కదా నా మనవి. ఎద్దుకి మర్యాద కానిది ఓఝాకి ఎలా అవుతుంది? మానెయ్యమంటే ఆయన ఒక్కడి దగ్గరే మానేస్తా. ఊరంతా ఆచార్యులై, ఓఝా ఒక్కడూ కాకపోతే, ఆయనలో ఏదో విశేషం ఉందనుకోరూ జనం?"

మిసిర్‌జీ, "సరే, గుంపులోనే పిలు. విడిగా పిలిచావో, చూసుకో," అని వెనుదిరిగాడు.

"చిత్తం, మేనేజరాచార్యా!"

మర్నాడు కిటికీ లోపల ఒక దగ్గు వినిపించింది. కొన్నాళ్లకు ‘ఆఁ’ అనే జవాబు. అంతే. అంతకుమించి ఏమీ జరగలేదు. మఠం మనసు కరగలేదు, తలుపు తెరుచుకోలేదు. వానాకాలంలో ఓఝాగారు పోయారు. మఠానికి జడిసి పండితులెవరూ పాడె పట్టలేదు. ముగ్గురు ఆచార్యులూ ఒక చౌబే మోశారు. నేను వెనక నడిచాను. సుఖియా దూరంగా నీళ్లలో నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున చౌబే చెంబు ఇచ్చి, "ఝల్లూ, పాలు పొయ్యి," అన్నాడు.

ఝల్లూ బిందె కిందికి దించేశాడు. "నావల్ల ఏం తప్పు జరిగింది చౌబేజీ? నీళ్లు కూడా తగ్గించానే!"

"తప్పేం లేదురా. ఆయన ఒక్కణ్ణే పిలిస్తే దొరికిపోతానని మీ అందరికీ పంచాను. ఇంక ఆ పని లేదు."

"పని లేకపోవడమేమిటి? మా అత్తారింట్లో కూడా నన్నలాగే పిలుస్తున్నారు! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"నాదీ తీసేస్తారా?" అని జోఖూ తను గడ్డాలు గీసే రాతి అరుగు మీదనుంచి అరిచాడు. "తీస్తే ముందు ఎద్దుది తియ్యండి!"

"ఉంచుకోండి," అన్నాడు చౌబే. భుజంమీది తువ్వాలుతో ముక్కు తుడుచుకుని, వెళ్లొస్తానన్నట్టు ‘మహాదేవ్’ అని కూడా అనకుండా మలుపు తిరిగాడు.

"ఆచార్యా! ఆచార్యా! చెంబు మరిచిపోయారు!" అని ఝల్లూ వెనకనుంచి కేకేశాడు.

తనను కాదనుకున్నాడు కాబోలు, చౌబే ఆగలేదు.