యుస్తీనా తడవనివ్వని కాళ్ళు

తలాస్ లోయలో జర్మనులుండే ఆ ఊళ్ళో యుస్తీనా పెన్నర్ అంత అణకువ గల మనిషి ఇంకొకరు లేరని సంఘమంతా అనేది. సంఘపెద్ద కొర్నేలియుస్ గారైతే ప్రసంగంలోనే ఆవిడ పేరెత్తేవాడు. "మన సోదరిని చూడండి. ఇంకొకరి పాదాలు కడుగుతుంది, తన పాదాలు మాత్రం ఎవరి చేతా కడిగించుకోదు" అని మెచ్చుకునేవాడు. ఆ మాట వినపడగానే యుస్తీనా తల దించుకునేది. చూశావా ఎంత వినయమో అని వెనక బల్లల ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు. వినయమా, నా బొందా! ఆ తల ఎందుకు దిగేదో ఆవిడకి తెలుసు, పైనున్న ఆయనకి తెలుసు.

రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆదివారాల్లో, దానికి ముందు ఒకరి పాదాలొకరు కడగడం ఆ సంఘంలో తాతల నాటి నుంచీ ఉంది. చనిపోయే ముందు రాత్రి ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగి, మీరూ ఇలాగే చెయ్యండని చెప్పాడట. మగవాళ్ళు పెద్ద గదిలో, ఆడవాళ్ళు వంటగది పక్క గదిలో. ఒకరు బల్ల మీద కూర్చుంటే ఇంకొకరు మోకాళ్ళ మీద వంగి కడిగి, తుడిచి, లేపి ముద్దుపెట్టి, ఆ తర్వాత తాము కూర్చోవాలి. నీళ్ళు కాచే పని యుస్తీనాది. అడిగి మరీ తీసుకుంది. తన వంతు వచ్చేసరికి, "అయ్యో, పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి" అంటూ లేచిపోయేది. రొట్టె పళ్ళెం చేతులు మారే వేళకి వంటగదిలో బేసిన్లు తోముతూ ఉండేది. సంఘమంతా తింటుంటే ఆవిడకి ఆ ముక్క అందేది కాదు. పని చేసే మనిషిని ఎవరు లెక్కపెడతారు?

కడగడానికి మాత్రం ఎప్పుడూ అగనేతక్క దగ్గరికే వెళ్ళేది. అగనేతకి కుడి కాలికి వేళ్ళే లేవు. ఎడమ కాలికి రెండు మిగిలాయి. ఆవిడకి అందులో సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. "తొందరగా కానివ్వవే యుస్తీనా, నా కాళ్ళకి సగం నీళ్ళు చాల్లే" అని గది గదంతా నవ్వేలా అనేది. యుస్తీనా నవ్వేది కాదు. ఆ మోడు పాదాన్ని రెండు చేతులా పట్టుకుని, పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు పోసేది. ఎంత ప్రేమో అనుకునేవారు చూసినవాళ్ళు. అగనేత కూడా అదే అనుకునేది.

ఇద్దరిదీ ఒకటే ఊరు, ఒకటే బడి. జర్మనులతో యుద్ధం జరిగే రోజుల్లో, జర్మనువాళ్ళన్న నేరానికి సర్కారువాళ్ళు ఊళ్ళోని వయసు ఆడపిల్లల్ని రైలెక్కించి, ఉత్తరాన అడవుల్లో చెట్లు కొట్టే పనికి తోలేశారు. అగనేత రెండేళ్ళు పెద్దది. చెక్క అరుగు మీద పక్కపక్కనే, ఒకే దుప్పట్లో పడుకునేవారు. అక్కడ మనిషి ప్రాణం కాళ్ళకేసుకునే ఉన్ని బూట్లలో ఉండేది. పని నుంచి రాగానే తడిసిన బూట్లని పొయ్యి చుట్టూ ఆరేసుకునేవారు. అన్నీ బూడిద రంగువే. తనవి గుర్తుండాలని అగనేత పైఅంచుకి నీలం దారం కుట్టుకుంది.

ఒకసారి యుస్తీనా బూట్లు పొయ్యికి మరీ దగ్గరగా జరిగి అడుగులు కాలిపోయాయి. బూట్లు లేవని పనికి పోకపోతే రొట్టె వాటాలో కోత పెడతారు. రొట్టె కోస్తే ఆ శీతాకాలం దాటే మాట లేదు. అందరికంటే ముందు లేచి కాలిన అడుగుల్ని చూసుకున్న ఆ పిల్ల ఏం ఆలోచించిందో, అసలు ఆలోచించిందో లేదో! అగనేత బూట్లు తీసి వేసుకుంది. నీలం దారం పళ్ళతో కొరికి తెంపి, పొయ్యిలో పడేసింది. కాలినవాటిని బయట మంచులో కప్పెట్టి, మళ్ళీ వచ్చి దుప్పట్లో దూరింది. అగనేత లేచి గొల్లుమంటే తనూ లేచి పక్కనే వెతికింది. "ఏ దొంగముండ తీసిందో, దాని చేతులు విరిగిపోను" అని అగనేత తిడుతుంటే తనూ గొంతు కలిపి తిట్టింది. అగనేత కాళ్ళకి గోనె గుడ్డలు చుట్టుకుని అడవికి పోయింది. సాయంత్రానికి వేళ్ళు నల్లబడ్డాయి. తర్వాత వాటిని తీసేశారు.

యుస్తీనా బతికి ఇల్లు చేరింది. పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కంది, సమష్టి వ్యవసాయ క్షేత్రంలో తెల్లారకముందే లేచి ఆవుల పాలు పితికింది, మొగుణ్ణి మట్టిలో పెట్టింది. మోకాళ్ళరిగిపోయాయి, నడుం వంగిపోయింది. అలసట ఆ మనిషికి ఒంటి మీద గుడ్డలా అంటిపెట్టుకుపోయింది. కాళ్ళు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి, పది వేళ్ళతో. వాటిని తను కూడా చూసుకునేది కాదు. స్నానమైనా మేజోళ్ళతో చేస్తుందేమో అని కూతురు వేళాకోళం చేసేది. దేవుడు ప్రేమిస్తాడు, క్షమిస్తాడు అని సంఘంలో నోరారా పాడేది. ఆ పాట పక్క బల్ల వాళ్ళకేగాని తనకి కాదని ఆవిడ గట్టి నమ్మకం.

ఆ ఏడు ఆకురాలే కాలంలో దూడకి కుడితి దింపుతూ చెయ్యి కాల్చుకుంది. కట్టు కట్టిన చేత్తో ప్రార్థన ఇంటికొస్తే, పెద్ద గారి భార్య హుల్దా తలుపు దగ్గరే ఆపేసింది.

"ఆ చేత్తో నీళ్ళేం మోస్తావు పిన్నీ? నేను చూసుకుంటా. నువ్వెళ్ళి కూర్చో."

"పర్లేదమ్మా, ఒంటి చేత్తో..."

"కూర్చోమన్నానా!"

కూర్చుంది. దొంగకి తేలు కుట్టినట్టయింది, అరవలేదు, లేవలేదు. ఎదురుగా అగనేత బేసిన్ ఈడ్చుకుంటూ వచ్చి, మూలుగుతూ మోకాళ్ళ మీద కూలబడింది.

"ఇవాళ దొరికావే! ఒక్కసారైనా నీ రుణం తీర్చుకోనీ" అంటూ మేజోడు అంచు పట్టుకుంది.

ఎన్ని సాకులుండేవో ఆవిడ దగ్గర! ఆ వేళకి ఒక్కటీ నోటికి రాలేదు. సాకులు చెప్పీ చెప్పీ కూడా మనిషి అలిసిపోతుంది కదా.

"వద్దక్కా" అంది గొణుగుతున్నట్టు. "ఆ బూట్లు తీసింది నేనే."

ఏ బూట్లని అగనేత అడగలేదు. మేజోడు మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. బల్ల పట్టుకుని లేచింది, కర్ర తీసుకుంది, కుంటుకుంటూ వాకిలి దాటి వెళ్ళిపోయింది. ముసలావిడకి కళ్ళు తిరిగినట్టున్నాయి పాపం అనుకున్నారు మిగతా ఆడవాళ్ళు.

మర్నాడు యుస్తీనా వాళ్ళింటికి వెళ్ళింది. అగనేత పెరట్లో కూర్చుని పొద్దుతిరుగుడు పువ్వుల్లోంచి గింజలు రాలుస్తోంది. తలెత్తలేదు.

"అక్కా."

"ఆ రోజు నాతో కలిసి వెతికావు కదే!"

"వెతికాను."

"చేతులు విరిగిపోవాలని నాతో పాటు నువ్వూ తిట్టావు!"

"తిట్టాను."

అగనేత చేతిలో పువ్వు విసిరికొట్టింది. గింజలు యుస్తీనా పాదాల దగ్గర చెల్లాచెదురయ్యాయి.

"బూట్లు పోతే పోయాయి. ఆ చలేమిటో నాకు తెలీదూ? నేనే ముందు లేచుంటే ఏం చేసుండేదాన్నో! కానీ ఇన్నేళ్ళూ వచ్చి వచ్చి నా కాళ్ళే ఎందుకు పట్టుకునేదానివో ఇప్పుడు తెలిసింది. నేనంటే ఇష్టమనుకున్నానే, పిచ్చిమొహాన్ని! ఊరంతా నన్ను చూసి జాలిపడితే, నువ్వొక్కదానివే ప్రేమగా ముట్టుకుంటున్నావని మురిసిపోయాను. నా కాళ్ళని నీ శిక్షకి వాడుకున్నావా? నన్నడిగావా ఒక్కమాట?"

"ఇష్టం కూడా..."

"నోర్ముయ్! పో ఇక్కణ్ణుంచి!"

యుస్తీనా వచ్చేసింది. ఇంటికొచ్చి మంచం మీద వాలితే ఏడుపు కూడా రాలేదు. చెప్పేస్తే గుండె తేలికవుతుందంటారు కదా, అదంతా ఒట్టిమాట. అగనేత గేటే మూసుకుందంటే దేవుడి గేటు ఎప్పుడో మూసుకుని ఉంటుంది, ఇన్నాళ్ళూ నేను తొయ్యకుండా ఊరుకున్నాను కాబట్టి తెలీలేదు, అంతే అనుకుంది. ఆ తర్వాత ప్రార్థన ఇంటికి వెళ్ళడం మానేసింది. హుల్దా వచ్చి పిలిస్తే మోకాళ్ళ నొప్పులంది. అది మాత్రం అబద్ధం కాదు.

మళ్ళీ రొట్టె ఆదివారం వచ్చింది. మంచు పడి కరిగి వీధంతా బురద. యుస్తీనా వంటగదిలో బంగాళాదుంపలు చెక్కుతోంది. పాటల చప్పుడు వినపడకుండా కిటికీ వేసేసుకుంది. అంతలో గేటు కిర్రుమంది, కర్ర చప్పుడైంది, తలుపు తోసుకుని అగనేత లోపలికొచ్చింది. చంకలో ప్రార్థన ఇంటి బేసిన్, అంచున పెచ్చులూడిన ఆ తెల్ల బేసినే. నిలువెల్లా బురద.

"వేణ్ణీళ్ళున్నాయా?" అంది ఆయాసపడుతూ.

"ఎందుకక్కా?"

"తలంటుకోవడానికి! ఎందుకంట! కూర్చో."

యుస్తీనా కదల్లేదు. అగనేతే కెటిల్ దించి బేసిన్లో వంచింది, చన్నీళ్ళు కలిపింది, మోచేత్తో వేడి చూసింది. కర్ర గోడకానించి, పళ్ళు బిగించి, మోకాళ్ళ మీదికి దిగింది.

"నీ మీద కోపం పోలేదు, ముందే చెప్తున్నా" అంది. "క్షమించేద్దామని రోజూ పొద్దున్న లేచి ప్రార్థన చేశాను. నీ మొహం గుర్తొచ్చేది, మళ్ళీ కాలేది. నా వల్ల కాలేదే. ఇంత కోపం మోసే ఓపిక కూడా లేదు నాకు. అందుకని ఆయన చెప్పిన పని చేసేస్తాను. మిగతాది ఆయనే చూసుకుంటాడు. ఏదీ, కాలిటివ్వు."

"నాకు ఆ అర్హత లేదక్కా."

"నీ అర్హత ఎవరడిగారే? కాలడిగాను."

యుస్తీనా రెండు కాళ్ళూ కుర్చీ కిందికి ముడుచుకుంది.

"ఆ రాత్రి యూదా కూడా ఆ బల్ల దగ్గరే ఉన్నాడు" అంది అగనేత. "తనని శత్రువులకి అప్పగిస్తాడని తెలిసే ఆయన వాడి ముందు వంగాడు. ఆ దొంగ సచ్చినోడి వేళ్ళ సందులు కూడా తుడిచుంటాడు, సగం పని చేసే మనిషి కాడు కదా ఆయన. నీ కాళ్ళు వాడి కాళ్ళకంటే కంపా? తే ఇటు! నీళ్ళు చల్లారిపోతున్నాయి, నా మోకాళ్ళు చచ్చిపోతున్నాయి."

మేజోళ్ళు అగనేతే లాగేసింది. యుస్తీనా పాదాలు ఎండ ఎరగని తెల్లటి తెలుపుతో బయటికొచ్చాయి. నీళ్ళు తగలగానే ఆవిడ నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. ఇన్నేళ్ళ అలుపూ అప్పుడు తెలిసొచ్చిందో ఏమో, కుర్చీలో వెనక్కి వాలి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. అగనేత ఊరుకోమనలేదు. తలొంచుకుని, బొటనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలూ రుద్దింది. చిటికెన వేలి దాకా వచ్చి ఆగింది. రెండో పాదం కూడా తీసుకుని అలాగే రుద్దింది. తువ్వాలు మర్చిపోయినట్టుంది, తన తలగుడ్డ తీసి తుడవబోతూ ఆ పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అన్నీ ఉన్నాయే!" అంది చివరికి. "పోన్లే. నా బూట్లు ఊరికే పోలేదు."