ముక్క ముట్టని నలభై దినాలు

మా ఆయన పాపన్నపేట దారిలో ఆటో నడుపుతాడు. పొద్దున సీట్లో కూర్చుంటే పొద్దుగూకాకే దిగడం. ఆయన సొంత అన్న కూడా ఆటోనే నడిపేవాడు. ఒక మధ్యాహ్నం గుండెనొప్పి వచ్చి హ్యాండిల్ మీదే ఒరిగి ప్రాణం వదిలాడు. అందుకే దవాఖానలో డాక్టరమ్మ రిపోర్టు చూసి, మా ఆయన రక్తంలో కొవ్వు చాలా ఎక్కువుందని చెప్పినప్పుడు నాకు మొదట ఆ అన్నే గుర్తొచ్చాడు.

"జర తిండి మార్చుండ్రి, నడవుండ్రి. ఈస్టర్ అయినంక మళ్ల చూద్దాం. తగ్గకుంటే గోళీలు రాస్త," అన్నదామె.

ఆ మరుసటి వారమే శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టర్‌కు ముందు ఆ నలభై రోజులూ మా ఇంట్లో మాంసం వండం. ఇంతకంటే మంచి సమయం ఉంటుందా అని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. కొవ్వంటే ముక్కలో ఉండేదే కదా, ముక్క మానేస్తే అదే కరుగుతుందనుకున్నాను. మా అమ్మ నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి బైబిలు చదవడం నేర్పింది గానీ, ఇలాంటివి ఆమెకూ తెలియవు.

పగలంతా ఉపవాసంతో బండి నడిపి వచ్చిన మనిషికి సాయంత్రం కడుపునిండా పెట్టాలని నా తపన. పళ్లెం నిండా అన్నం, ఆలుగడ్డ వేపుడు, ప్రార్థన అయ్యాక మిర్చీ బజ్జీలు, చక్కెర దండిగా వేసిన చాయ్. అప్పుడప్పుడూ పరమాన్నం. ఆయన తృప్తిగా తింటుంటే నా కళ్లు నిండేవి.

పండుగ తర్వాత మళ్లీ పరీక్షకు రక్తం ఇచ్చాం. కొవ్వు తగ్గకపోగా ఇంకా పెరిగింది.

"ఏం తిన్నరమ్మా ఇన్ని దినాలు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ముక్క ముట్టలేదమ్మా," అన్నాను.

"మరి ఏం ముట్టిండ్రు?"

నేను ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె కలం పక్కన పెట్టి నవ్వింది. "కోడిని విడిచిపెట్టి చక్కెరను పట్టుకున్నరు. అన్నమైనా తీపైనా ఎక్కువైతే లోపల కొవ్వే అయితది. పైనుంచి నూనె ఒకటి. సరే, ఇంకొక్కసారి చూద్దాం. గుండెల పట్టినట్టు అనిపిస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగకుండ్రి, ఉరికి రాండ్రి."

బయటికొచ్చాక మా ఆయన, "నీ పరమాన్నం నన్ను మా అన్న దగ్గరికి తోలుతుండె," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు నుంచి రాత్రికి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. మధ్యాహ్నం అన్నం కొంచెం, కూర ఎక్కువ. మిర్చీల బదులు ఉడికించిన శనగల్లో ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపిన గుడాలు. ఆదివారం మంజీర నదిలో పట్టిన చేపల పులుసు, అదీ నూనె చెంచాతో కొలిచి. చాయ్‌లో చక్కెర తగ్గిస్తూ తగ్గిస్తూ పూర్తిగా మానేశాను.

"వేడినీళ్లకు రంగేసి ఇస్తున్నవా?" అనేవాడు మొదట్లో. అయినా గ్లాసు ఖాళీ చేసేవాడు.

తెల్లవారగానే ఇద్దరం చర్చి దాకా నడిచేవాళ్లం. ఆటో ఇంటి ముందే ఉండేది. తెలిసినవాళ్లు ఆపి, "ఏందన్నా, బండి ఖరాబైందా?" అని అడిగేవారు.

"బండి మంచిగనే ఉన్నది. ఖరాబైంది నేను," అనేవాడు.

మొదట సందు మలుపు దాటేసరికే ఆయాసపడే మనిషి, ఎండలు ముదిరేనాటికి నాకంటే ముందు నడవసాగాడు. ఆయన వీపు చూస్తూ వెనక నేను లోలోపల కీర్తన పాడుకునేదాన్ని.

వానలు పడ్డాక మళ్లీ పరీక్ష. డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చూసింది. "మస్తు తగ్గింది. ఇంకా తగ్గాలె, కానీ గోళీలు ఇప్పుడే వద్దు. ఇట్లనే నడిపించుండ్రి."

దవాఖాన బయట బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. నేను ఆమెన్ అనేదాకా ఆయన పక్కనే కూర్చున్నాడు.

"ఏమని చెప్పినవ్?"

"స్తోత్రం చెప్పిన. నిన్ను ఇంకొన్నేండ్లు నాకు ఉంచుమన్న."

"కొన్నేండ్లేనా? జర ఎక్కువ అడుగరాదు," అన్నాడు.

నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను.