మంత్రసాని అవ్వ చెప్పని సాక్ష్యం

మొన్న మిల్లులో పొద్దుటి పాళీ దిగి గేటు దాటుతుంటే మంత్రసాని అవ్వ పోయిందన్న కబురు అందింది. దుఃఖం ఒక్కటే కాదు, ఆమెతో తెగని పేచీ ఒకటి నాకు మిగిలిపోయింది.

మా పేటలో సగం మందికి బొడ్డు కోసింది ఆమే. ఒక్కచోట కూర్చునే మనిషి కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూనే మన వాకిలి ఊడ్చేసేది. షోలాపూర్ పోయి బతికి తిరిగొచ్చిన నేతగాళ్లను మిల్లువాళ్లు ముల్కీ చూపమనేవారు. అంటే, ఈ రాజ్యంవాళ్లేనన్న రుజువు. మగ్గం గుంట పక్కన పుట్టినవాడికి కాగితం ఎక్కడిది? మా కార్మిక సంఘం అవ్వను ముల్కీ కాగితాలిచ్చే సర్కారు కచేరీకి తీసుకుపోయేది. తన చేతుల్లో పడ్డవాడేనని ఆమె అంటే చాలు, సంతకం పడేది.

ఇంతలో నాగపూర్ వైపు నుంచి వచ్చిన ఒక మిల్లు కూలీకి గండం వచ్చింది. ముల్కీ లేకపోతే పని లేదన్నారు. భార్యకు నెలలు నిండాయి. అతనూ ఇక్కడే పుట్టాడని చెప్పమని అవ్వను బతిమాలాను.

"కొయ్యని బొడ్డు కోసిన్నని చెప్ప కొడుకా. ఇదొక్కటి దొంగసాక్ష్యమని తేలితే, నేను నిలబెట్టినోళ్లంత కూలబడ్తరు."

నాకు ఒళ్లు మండింది. నీ సత్యం వాళ్ల కడుపు నింపుతుందా అని విసురుగా లేచి వచ్చాను. అతని భార్యకు కాన్పు చేసింది మాత్రం అవ్వే. పురుడు వెళ్లగానే పసిగుడ్డును ఎత్తుకుని, మాకు చెప్పకుండా కచేరీకి బయల్దేరింది. తెలిసి వెనకాల పరుగెత్తాను.

"దొరా, ఈ పిల్ల ఈ ఊర్లనే పుట్టింది. బొడ్డు నేనే కోసిన. పాలు తాగే పిల్లను ఇడిసి దీని అయ్య యాడికి పోవాలె?"

తండ్రిని బట్టే పిల్ల, పిల్లను బట్టి తండ్రికి ముల్కీ రాదన్నాడు అధికారి. ఆ తర్వాత కూడా అవ్వ కచేరీకి తిరుగుతూనే ఉంది. జవాబు రాలేదు, ఆ కూలీ పని పోయింది. ఆ కుటుంబాన్ని తన వసారాలో పెట్టుకుంది. నన్ను జర ఓపిక పట్టమనేది గానీ, తనకెక్కడిది ఓపిక? ఆ ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ నాలో నేను కొట్లాడుతూనే ఉన్నాను.

అవ్వకు కొడుకులు లేరు. నిప్పుకుండ ఎవరు పట్టాలని పెద్దలు తర్జనభర్జన పడుతుంటే ఆ కూలీ తడిబట్టలతో వచ్చి నిలబడ్డాడు. నువ్వు ఆమెకు ఏమవుతావని ఒక చుట్టం అడిగాడు.

"కొడుకును" అన్నాడు.

పెద్దలు నిప్పుకుండ అతని చేతికిచ్చారు. కాటికి పోయే దారి కచేరీ ముందు నుంచే. సగం దూరంలో పాడె దింపి, పోయినవాళ్లను చెవిలో పిలవడం మా ఆచారం. సరిగ్గా ఆ కచేరీ గేటు ఎదుట దింపించాడు. డప్పులు ఆగాయి. అతను వంగి అవ్వ చెవి దగ్గర నోరు పెట్టి, లోపలున్న గుమాస్తాలందరికీ వినబడేటట్టు, "అమ్మా" అని పిలిచాడు.