ఆ బొమ్మ మాట్లాడింది మా అక్క గొంతుతో

కొన్నేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఎవరితోనూ అనలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో అంటున్నాను.

మహారాష్ట్ర సరిహద్దు ఊరు చంద్రపూర్‌లో ఒక చిన్న వార్తా చానెల్‌లో పనిచేస్తాను. కంప్యూటర్‌లో పుట్టిన అమ్మాయిలు లక్షలమందిని వెంట తిప్పుకుంటున్నారని రోజూ వార్తలొచ్చే రోజులవి. మేమూ ఒకదాన్ని చేస్తే? మా సరిహద్దు తెలుగు మాట్లాడే బొమ్మ. జనం నమ్ముతారా? ముందు నన్ను లాగింది ఆ కుతూహలమే. ముఖం బాగానే కుదిరింది. నోరు విప్పితే మాత్రం పాఠం అప్పజెప్పినట్టుండేది. అందుకని బాబుపేట్‌లో ఉండే మా అక్క దగ్గరికి వెళ్లి, కొత్త మైకు పరీక్షిస్తున్నానని చెప్పి, ఆమె మాటలు రికార్డు చేసుకొచ్చి బొమ్మకు పెట్టాను.

పద్మాపూర్ గని బొగ్గు దుమ్ములో ఏళ్లు గడిపిన అక్కకు మాటకు ముందు చిన్నగా దగ్గే అలవాటు. ఆ దగ్గు తీసేయడం మరిచాను. అదే కలిసొచ్చింది. యంత్రం మన గనుల దగ్గు కూడా తనంతట తానే నేర్చుకుందని వార్త రాసింది నేనే. మిగతా చానెళ్లు దాన్నే ఎత్తుకున్నాయి. ఎలా నేర్చుకుందని ఒక్కరైనా ఎందుకు అడగలేదు? ఇప్పటికీ నాకు వింతే.

తర్వాత ఒక ప్రదర్శనలో, వీఆర్ కళ్లద్దాలు పెట్టుకుంటే బొమ్మ ఎదురుగా నిలబడి మాట్లాడేలా ఏర్పాటు చేశాం. అక్క కూడా వచ్చి పెట్టుకుంది. చివరిదాకా వింది. తీసి నా వైపు చూసింది.

“గిది నా గొంతే గద తమ్మీ?”

“కాదక్కా. కంప్యూటరే గట్ల మాట్లాడుతది.”

“గట్లనా.” కళ్లద్దాలు జాగ్రత్తగా నా చేతికిచ్చింది. “పాపం, దానికి గూడ దగ్గున్నది.”

నమ్మింది. నేను చెప్పాను కాబట్టి నమ్మింది.

ఆ ఏడు బతుకమ్మ ఆటలో అక్క పాట ఎత్తుకోగానే, బొమ్మను నకలు కొడుతోందని పిల్లలు నవ్వారు. అక్క కూడా నవ్వింది. మరుసటి ఏడు నుంచి పాట ఎత్తుకోవడం మానేసింది. వెనక నిలబడి చప్పట్లు కొడుతుంది. నేను కెమెరా పట్టుకుని అక్కడే ఉంటాను.

బొమ్మను జనం ఎప్పుడో మరిచారు. అయినా చెప్పలేదు. ఉద్యోగం పోతుందనా? కాదు. అంతగా నమ్మిన మనిషి ముఖం ఎలా మారుతుందో చూసే ధైర్యం లేక.

ఆ గొంతు మా అక్కది. ఇంత రాశాక గుండె కాస్త తేలికపడింది, దాచడమెందుకు. కానీ ఇది తెలుగులోనే ఎందుకు రాశాను? మరాఠీలో రాస్తే అక్క చదువుతుంది. తెలుగు ఆమెకు మాట్లాడటమే వచ్చు.