సున్నం కింది టోపీ

గవర్నర్‌పేటలో నేను అద్దెకున్న వాటాలో, మావాళ్లందరిళ్లలో బైబిలు వాక్యాల క్యాలెండరు ఉండే గోడకి, నేను రెండు జర్మన్ సైనికుల ఇనుప టోపీలు తగిలించుకున్నాను. వచ్చిన చుట్టాలందరూ మొహం చిట్లించేవాళ్లు. పెళ్లికాని గుమస్తాకి ఇంతకంటే మంచి పిచ్చి దొరకలేదా అనేవాళ్లు. దొరకలేదు. అవి డెబ్బైలు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి మనవాళ్లు తెచ్చుకున్న సామాను అటకలు దిగి, వన్ టౌన్ పాత ఇనుము కొట్లకి చేరుతుండేది. ఆదివారం చర్చి కాగానే నేనక్కడ వాలేవాణ్ణి.

ఏది అసలుదో, ఏది నకిలీదో చెప్పగలనని నాకు మహా గర్వం. ఒక కొట్టతను నా మోజు కనిపెట్టి, ఫైరింజను వాళ్ల పాత టోపీకి నల్లరంగు పూయించి, దాని మీద స్వస్తిక్ వేయించాడు. గల్లాపెట్టె మీద వేసే స్వస్తిక్ అది, నిటారుగా, నాలుగు చుక్కలతో సహా. “జర్మనీదేనండీ, గుర్తు చూడండి” అన్నాడు. కుంకుమ బొట్టు ఒక్కటే తక్కువైందండీ అని చెప్పి వచ్చేశాను. అసలైనదాని గుర్తులు లోపలుంటాయి. అంచు దగ్గర ఉక్కులోకి దిగేలా కొట్టిన ఫ్యాక్టరీ అక్షరాలు, సైజు అంకె ఉంటాయి. లోపలి తోలును పట్టి ఉంచే మేకులు మూడు. కొందరు సైనికులు మెడవైపు లోపల పేరు కూడా రాసుకునేవారు. అలా పేరున్నది నాకెప్పుడూ దొరకలేదు.

మా అమ్మ అక్కది గుడివాడ దగ్గర పల్లె. పెదనాన్న ఆ యుద్ధంలో చేరి ఇటలీ వెళ్లాడు. ఆచూకీ లేదని తంతి వచ్చింది. కొన్నాళ్లకి సర్కారు, ఆయన పోయినట్టే లెక్కగట్టి పింఛను మొదలుపెట్టింది. పెద్దమ్మ తంతినీ నమ్మలేదు, పింఛన్నీ నమ్మలేదు. యుద్ధం అయిపోయాక, ఆయనతో కలిసి పనిచేసిన ఊరివాడొకడు ఇనుప టోపీ తెచ్చి, “అన్నది వదినా. లోపల పేరు కూడా ఉంది” అని చేతిలో పెట్టాడు. చదువు రాని పెద్దమ్మ అప్పుడు నమ్మింది, అప్పుడే ఏడ్చింది.

శవం లేదు కాబట్టి ఆ టోపీకే సమాధి కట్టించింది. అంచు మొత్తం గచ్చులో దిగిపోయింది, పైన గుండ్రటి నెత్తి మాత్రం కనబడేది. ఏటా నవంబర్లో సమాధుల పండక్కి అందరూ తమవాళ్ల సమాధులకి సున్నం వేసేటప్పుడు ఆవిడ దానికీ వేసేది. బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, ఒక పాట పాడుకునేది. చిన్నప్పట్నుంచీ నేను చూసింది ఆ తెల్లటి బోడిగుండునే. నా పిచ్చికీ దానికీ సంబంధం ఉంటుందని ఎన్నడూ తోచలేదు.

ఒక ఏడు గాలివానకి సమాధుల దొడ్డి గోడ కూలి ఆ సమాధి మీద పడింది. పెద్దమ్మ టోపీని గోనెసంచిలో వేసుకుని, బస్సెక్కి నా దగ్గరికి వచ్చేసింది.

“ఈసారి రాతిపలక ఏయిస్తానబ్బాయ్. లోపల ఆయన పేరు, నంబరు ఎట్టా ఉంటే అట్టా చెక్కించాల. నువ్వు ఇయ్యన్నీ ఎరిగినోడివి గదా, చదివి చెప్పు” అంది.

సంచిలోంచి టోపీ తీసి చూశాను. మనవాళ్లకిచ్చిన బ్రిటిషు టోపీ మూకుడు బోర్లించినట్టు చదునుగా ఉంటుంది. ఇది నా గోడ మీది వాటిలాగే చెవుల మీదికీ మెడ మీదికీ దిగి ఉంది. అన్నేళ్ల సున్నం కూడా ఆ వంపును దాచలేకపోయింది.

నేను చెప్పేలోపే ఆవిడ చింతపండు అడిగింది. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని, ఇత్తడి బిందె తోమినట్టు, చింతపండు గుజ్జూ కొబ్బరిపీచూ పట్టుకుని తోమడం మొదలుపెట్టింది. పాత రంగు పోతుందే అని నా మనసు విలవిల్లాడింది. అలాంటప్పుడు కూడా! ఆవిడ తోముతూ పెదనాన్న కబుర్లు చెబుతోంది. ఆయనకి ఎండాకాలంలోనూ చన్నీళ్లు పడేవి కావట. “ఆ మంచుదేశంలో ఎట్టా పోసుకున్నాడో” అంది.

సున్నం పెళ్లలు పెళ్లలుగా ఊడింది. కింద బూడిదరంగు, అంచున అక్షరాలు, అంకె. మెడవైపు లోపల తెల్లరంగుతో ఒక పేరు. ఎన్నో ఏళ్లుగా నేను వెతుకుతున్నది అలాంటిదే. అంత అసలైన టోపీ నా జన్మలో మళ్లీ చూడలేదు.

“పేరుందా?”

“ఉంది పెద్దమ్మా.”

“చదువు మరి.”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ అబద్ధం రాతి మీదికెక్కుతుంది, ఆయన పేరు కింద లేని నంబరొకటి నేనే పుట్టించాలి. నా వల్ల కాలేదు. “ఇది పెదనాన్నది కాదు. ఎవరో జర్మనీ అతనిది” అన్నాను.

నీకెట్టా తెలుసంది. గోడ మీది రెండూ దించి పక్కన పెట్టి, అక్షరాలు, మేకులు, తోలు అన్నీ చూపించాను. ఆవిడ మూడింటినీ వేళ్లతో తడిమి చూసింది. తెచ్చినవాడు అప్పటికే చనిపోయాడు, లేకపోతే వెళ్లి చొక్కా పట్టుకునేవాణ్ణి. జాలిపడే చెప్పి ఉంటాడు. అయినా నాకు ఒళ్లు మండిపోయింది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తడిచేతులు కొంగుకి తుడుచుకుని, “అయితే ఆయన తాలూకు ఏదీ రాలేదన్నమాట” అంది.

“రాలేదు.”

“మరి పోయాడని ఎవరు చూశారు?”

తలెత్తి చూస్తే ఆవిడ మొహం వెలిగిపోతోంది. నాకు భయమేసింది. పింఛను సంగతి చెప్పాను, సర్కారు ఊరికే ఇవ్వదన్నాను. ఇన్నేళ్లలో బతికుంటే రాడా అన్నాను.

“సర్కారు మాత్రం చూసిందా ఏంటి” అంది. టోపీ నా చేతికిచ్చి, “పాపం ఎవరి బిడ్డదో. జాగర్తగా పెట్టు” అని చెప్పి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది.

ఆ సమాధి మళ్లీ కట్టించలేదు. నవంబర్లో ఊరంతా సున్నం బకెట్లు పట్టుకుని వెళ్తే ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మ కబురు చేస్తే నేను వెళ్లాను. ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు, ప్రార్థన అవసరతలు ఎవరికైనా ఉన్నాయా అని అడిగారు. ఒకరు జ్వరం గురించి చెప్పారు, ఇంకొకరు కొడుకు పరీక్షల గురించి చెప్పారు. తర్వాత పెద్దమ్మ లేచి నిలబడింది.

“దూరదేశంలో ఉన్న మా ఆయన క్షేమంగా ఇంటికి రావాలని ప్రార్థన చేయండి అయ్యగారూ.”

అయ్యగారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని, ప్రభువా, ప్రయాణంలో ఉన్న నీ బిడ్డకి తోడుగా ఉండు అని మొదలుపెట్టారు. పెద్దమ్మ కొంగు తల మీదికి లాక్కుని అందరికంటే గట్టిగా ఆమేన్ అంది. నా పక్కన అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది.